బ్రిటిష్ వాళ్ల మీద జోకులకి బ్రిటిష్ వాళ్లే నవ్వారు, మా బావగారికి మాత్రం కోపమొచ్చింది

ప్రశ్న: మాది ఒంగోలు. ఇప్పుడు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. పాపకి 16 ఏళ్లు, బాబుకి 12. బాబుకి ఆస్టెరిక్స్ అనే ఫ్రెంచ్ బొమ్మల పుస్తకాలంటే ప్రాణం. ఈమధ్య ఒక శనివారం నలుగురినీ పిలిచి ‘ఆస్టెరిక్స్ ఇన్ బ్రిటన్’ యానిమేషన్ సినిమా పెట్టాం. పక్కింటి ఇంగ్లిష్ దంపతులు, మా వారి ఆఫీసులో పనిచేసే ఒక ఫ్రెంచ్ ఆయన, మా వారికి సొంత అన్నలాంటి స్నేహితుడి కుటుంబం వచ్చారు. నేను ఆయన్ని బావగారు అంటాను, పిల్లలు పెదనాన్న అంటారు. సినిమా నిండా బ్రిటిష్ వాళ్ల అలవాట్ల మీద జోకులే. పక్కింటివాళ్లు పడీ పడీ నవ్వారు. ఫ్రెంచ్ ఆయన “పుస్తకం ముందు ఇది చప్పగా ఉంది” అన్నారు. పాపేమో సముద్రపు దొంగల ఓడ మీద ఉన్న నల్లవాడి బొమ్మ చూసి, “ఇది నేను చూడలేను” అని లేచి తన గదిలోకి వెళ్లిపోయింది. సినిమా అయ్యాక బావగారు అందరి ముందూ, “ఒక దేశం మొత్తాన్ని వెక్కిరించే సినిమా పిల్లలకి చూపిస్తారా? రేపు మన మీద తీస్తే ఇలాగే నవ్వుతారా?” అన్నారు. అప్పట్నుంచీ మా ఇంటికి రావడం తగ్గించారు. దానికి తోడు బాబు యాసలు అనుకరించడం మొదలెట్టాడు. వాడికి తెలుగు అంతంతమాత్రం. అందుకని మా మామగారు వీడియో కాల్‌లో కూడబలుక్కుని ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. మొన్న ఆయన “ఇస్కూలు” అంటే వీడూ అలాగే అని పకపకా నవ్వాడు. ఆయన ఫోన్ మా వారికి ఇచ్చేసి లోపలికి వెళ్లిపోయారు. తప్పు నాదేనా? ఇలాంటివి పిల్లలకి చూపించకూడదా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో సినిమా సంగతి, మీ బావగారి కోపం, మీ మామగారు చిన్నబోవడం, ఈ మూడూ ఒకే ముడిలా కనిపిస్తున్నాయి. విడదీసి చూద్దాం. వీటిలో అన్నిటికన్నా ముందు చక్కబెట్టాల్సింది మామగారి విషయం. అది ఈ వారమే చూడండి.

ఆ ముసలాయన తనకు బాగా వచ్చిన భాష పక్కనపెట్టి, మనవడి కోసం రాని భాషలోకి దిగారు. అక్కడ ఆయనకి తడబాటు ఎక్కువ, వాడికి చనువు ఎక్కువ. అలాంటి చోట మనవడు నవ్వితే ఆయన తిరిగి ఏమనగలరు? అందుకే ఏమీ అనకుండా లేచిపోయారు. కాల్ నడుస్తుండగా పక్కన నిలబడి “సారీ చెప్పు” అని పురమాయించకండి. వాడు గొణిగేసి పారిపోతాడు. ముందురోజే ఒంటరిగా కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: “నువ్వు తాతయ్యతో తెలుగులో మాట్లాడితే ఆయన ఎప్పుడైనా నవ్వారా?” నవ్వి ఉండరనే నా నమ్మకం. వాడు ‘ళ’ పలకలేకపోయినా, ‘నేను వస్తుంది’ అన్నా ముద్దుగానే విని ఉంటారు. ఆ సంగతి వాడికి గుర్తుచేస్తే చాలు, మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. తర్వాత కాల్‌లో వాడే తాతయ్య చదువుకున్న బడి గురించి అడగాలి. తెలుగులో, వచ్చీరాని తెలుగులోనైనా సరే. ఈసారి తడబడే వంతు వాడిదవుతుంది.

ఇక సినిమా.

మీరు తప్పు చేశారని నేను అనుకోను. ఆ సినిమా 1986లో వచ్చింది. దానికి మూలమైన పుస్తకం 1966 నాటిది. రాసింది రెనే గోసిన్నీ, బొమ్మలు వేసింది ఆల్బేర్ ఉడెర్జో. ఈ పుస్తకాలు చదవనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. రోమన్ సేనాని జూలియస్ సీజర్ బ్రిటన్‌ని ఆక్రమిస్తాడు, ఒక్క ఊరు మాత్రం లొంగదు. ఆ ఊరి మనిషి సముద్రం దాటి గాల్ దేశంలో, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లో, ఉన్న తన చుట్టం ఆస్టెరిక్స్ దగ్గరికి వెళ్లి, ఒంట్లో బలం పెంచే మందు కావాలని అడుగుతాడు. ఆస్టెరిక్స్, అతని స్నేహితుడు ఒబెలిక్స్ ఒక పీపా నిండా మందు తీసుకుని బయల్దేరతారు. లండన్‌లో ఆ పీపా చేతులు మారి, దొంగల పాలై, రగ్బీ మ్యాచ్ మధ్యలో తేలి, చివరికి థేమ్స్ నదిలో కలిసిపోతుంది. అసలు చరిత్రలో సీజర్ క్రీ.పూ. 55లో ఒకసారి, 54లో ఒకసారి బ్రిటన్ మీదికి వెళ్లాడు గానీ, దాన్ని పూర్తిగా స్వాధీనం చేసుకోలేకపోయాడు. రోమన్లు అక్కడ నిలదొక్కుకున్నది క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి కాలంలో మొదలైన దండయాత్రతోనే.

కథలో బ్రిటిష్ వాళ్లు సాయంత్రం అయిదు కాగానే యుద్ధం ఆపేస్తారు. వేడినీళ్లలో చుక్క పాలు పోసుకుని తాగాలి కదా మరి. వారం చివర రెండు రోజులూ యుద్ధానికి సెలవు. ఇది కనిపెట్టిన సీజర్, అయితే ఆ వేళల్లోనే కొడదాం అని నిర్ణయిస్తాడు. పందిమాంసం ఉడకబెట్టి పుదీనా సాస్ పోసి పెడతారు, పాపం ఒబెలిక్స్‌కి ఏడుపొకటే తక్కువ. బీరు గోరువెచ్చగా ఇస్తారు. ఎప్పుడు చూసినా వాన. నాకు అన్నిటికన్నా నచ్చింది పుస్తకంలోని పచ్చిక ఘట్టం. ఒక పెద్దమనిషి చిన్న కొడవలి పట్టుకుని ఇంటి ముందు గడ్డిని శ్రద్ధగా కత్తిరిస్తుంటాడు. ఇంకో రెండువేల ఏళ్లు ఇలాగే చూసుకుంటే ఫరవాలేదనిపించే పచ్చిక అవుతుందని ఆయన ఆశ. అంతలో రోమన్ సైనికులు దాన్ని తొక్కుకుంటూ వెళ్లబోతారు. ఆయన గొంతు పెంచడు, ఈటె తీసి రోమన్ గుండెకి ఆనిస్తాడు. నా తోట రోమ్ కన్నా చిన్నదే గానీ నా ఈటె మీ రొమ్ము ఎముక కన్నా గట్టిది అని మర్యాదగా చెప్తాడు.

ఇలాంటివి చూసి మీ పక్కింటాయన ఎందుకు నవ్వాడో ఊహించండి. అందులో గడ్డి పిచ్చి ఉంది, మొండి ధైర్యం కూడా ఉంది. రోమ్ సామ్రాజ్యం ఎదురుగా నిలబడినా మర్యాద తప్పని మనిషి ఉన్నాడు. తన తాతలో, తన బాబాయిలో తాను చూసినదే ఆయనకి అక్కడ కనిపించి ఉంటుంది. కథ మొత్తంలో బ్రిటిష్ వాళ్లు వింత మనుషులే, కానీ పిరికివాళ్లు కాదు, తెలివితక్కువవాళ్లు అంతకన్నా కాదు. చివరికి మందు పీపా పోయినా గెలుస్తారు. ఆస్టెరిక్స్ తన దగ్గరున్న ఏవో ఆకులు వేడినీళ్లలో వేసి ఇస్తే, అదే ఆ మాయమందు అనుకుని తాగి, ఆ ధీమాతోనే రోమన్లను తరుముతారు. ఆ ఆకులు టీ ఆకులు. అసలు టీ ఇంగ్లండ్‌కి చేరింది 17వ శతాబ్దంలో, చైనా నుంచి. ఒక దేశపు గుర్తుగా లోకమంతా చెప్పుకునే అలవాటు పరాయి మనిషి సంచిలోంచి వచ్చిందని చూపించడంలో ఎంత మంచి ఆలోచన ఉందో మీ బాబుకి చెప్పండి. వాడు ఉంటున్న ఊళ్లో ఇంటింటా తాగే టీ ఆకు ఎక్కడెక్కడ పండి వచ్చిందో వాడే వెతుక్కుంటాడు.

ఇంకో విషయం. ఆ పుస్తకాల్లో గాల్ జనం, అంటే ఫ్రెంచ్ వాళ్ల పూర్వీకులు, ఏం బుద్ధిమంతులు? కుళ్లిన చేపల దగ్గర మొదలెట్టి ఊరంతా కొట్టుకుంటారు. వాళ్ల నాయకుడికి ఆకాశం విరిగి నెత్తిన పడుతుందని భయం. వాళ్ల గాయకుడు నోరు తెరిస్తే కట్టేసి నోట్లో గుడ్డ కుక్కుతారు. నవ్వడం తమతోనే మొదలుపెట్టి, ఆ తర్వాతే పక్క దేశం వైపు చూశారు. ఇంగ్లండ్, ఫ్రాన్స్ శతాబ్దాల తరబడి సమఉజ్జీలుగా కొట్లాడుకున్న పొరుగువాళ్లు. ఇద్దరూ రాజ్యాలు ఏలినవాళ్లే. పుస్తకం రావడానికి మూడేళ్ల ముందు, 1963లో, బ్రిటన్‌ని యూరప్ ఉమ్మడి మార్కెట్లో చేర్చుకోనని ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ అడ్డం తిరిగాడు. సినిమా వచ్చిన 1986లోనే సముద్రం కింద సొరంగం తవ్వుకుందామని రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. తిట్టుకోవడం, కలుసుకోవడం రెండూ వాళ్ల మధ్య మామూలే. ఇంగ్లిష్ పుస్తకానికి రాసిన ముందుమాటలో రచయితలిద్దరూ, తాము ఇష్టపడేవాళ్లనే ఇలా ఆటపట్టిస్తామని చెప్పుకున్నారు.

మన పెళ్లిళ్లలో వియ్యాలవారి పాటలు మీరు వినే ఉంటారు. బంతిలో కూర్చున్న వియ్యపురాలి ముక్కు మీదా, నడక మీదా, ఆవిడ తినే తిండి మీదా ఆడపెళ్లివారు పాట కడతారు. అటువైపు నుంచి ఇంకో పాట వస్తుంది. ఎవరూ విస్తరి ముందు నుంచి లేవరు. అటువాళ్లకీ గొంతు ఉంది, వాళ్లకీ పాట వచ్చు, రేపట్నుంచి ఇద్దరూ చుట్టాలు. అదే పాట వడ్డించే మనిషి మీద పాడారనుకోండి, పందిట్లో ఎవరికైనా నవ్వు వస్తుందా? ఫ్రాన్స్ బ్రిటన్‌ని ఆటపట్టించడం మొదటి రకం. మీ పాప చూడలేనన్నది రెండో రకం.

మీ పాప అన్న మాట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆ సాయంత్రం మీ ఇంట్లో వచ్చిన అభిప్రాయాల్లో అన్నిటికన్నా నిశితమైనది ఆ పిల్లదే. ఆస్టెరిక్స్ పుస్తకాల్లో దాదాపు ప్రతిదానిలో సముద్రపు దొంగలు వస్తారు, వాళ్ల ఓడ మునిగిపోతుంది. ఆస్టెరిక్స్ అచ్చయిన పత్రికలోనే వస్తుండిన ఇంకో బొమ్మల కథకి అది పేరడీ. ఆ ఓడ స్తంభం మీద కావలి కాసే ఆఫ్రికా మనిషిని చూడండి. పెద్ద ఎర్రటి పెదాలు వేశారు. ఫ్రెంచ్ పుస్తకాల్లో అతను ‘ర’ పలకలేనట్టు రాశారు. ఫ్రాన్స్ ఆఫ్రికాని ఏలిన రోజుల్లో సబ్బు పెట్టెల మీదా, కోకో డబ్బాల మీదా నల్లవాళ్లని గీసిన పద్ధతి అది. ఆస్టెరిక్స్ మొదటిసారి అచ్చయింది 1959లో. ఆ మరుసటి ఏడాదే ఆఫ్రికాలోని ఫ్రెంచ్ వలసలు చాలావరకు స్వతంత్రమయ్యాయి. బొమ్మ మాత్రం మారలేదు, 1986 సినిమాలోనూ అలాగే ఉంది. పచ్చిక పెద్దమనిషికి ఒక ఇష్టం ఉంది, ఒక ధైర్యం ఉంది, ఒక మాట ఉంది. కావలివాడికి ఏముంది? పెదాలూ, యాసా. అతని దేశం ఏమిటో, ఇంట్లో ఎవరున్నారో, వాళ్లు ఈ గాల్ వాళ్లని చూసి ఏమని నవ్వుకుంటారో కథకి అక్కర్లేదు. చిన్నప్పుడు ఈ పుస్తకాలు చదువుకుని పెరిగిన పెద్దవాళ్లు చాలామంది ఆ కాలం అంతే అని దాటేస్తారు. నాకు ఆ పుస్తకాల మీద ఎంతో ప్రేమ ఉంది, అయినా ఆ బొమ్మని వెనకేసుకు రాలేను. మీ పాప లేచి వెళ్లినప్పుడు ఎవరూ పట్టించుకోలేదని ఉత్తరం చదివితే అనిపించింది. ఆ పిల్ల గదికి వెళ్లి, “నువ్వు చూసింది నిజమే, మేము అప్పుడు ఆపాల్సింది” అని చెప్పండి. బాబుతో మళ్లీ ఆ సినిమా చూస్తే, ఆ ఘట్టం దగ్గర అక్కనే పక్కన కూర్చుని మాట్లాడమనండి. అక్క మాట వాడు మీ మాట కన్నా బాగా వింటాడు.

ఇలాంటిదే ఇంకో ఉదాహరణ జపాన్‌లో ఉంది. హిదేకాజ్ హిమారుయా అనే ఆయన దేశాల్నే మనుషులుగా మార్చి ఒక బొమ్మల కథ గీశాడు. ఇటలీ అంటే పాస్తా కోసం పడిచచ్చే పిరికి కుర్రాడు, జర్మనీ అంటే క్రమశిక్షణ తప్ప ఇంకోటి తెలియనివాడు. 2009 జనవరిలో ‘హెటాలియా’ అన్న పేరుతో అది యానిమేషన్‌గా టీవీలోకి రావాల్సింది. కొరియాకి గుర్తుగా గీసిన పాత్ర మీద దక్షిణ కొరియాలో పెద్ద గొడవ లేచింది, ప్రసారం చేయాల్సిన ఛానెల్ వెనక్కి తగ్గింది. ఇంటర్నెట్‌లో మాత్రం వచ్చింది, కొరియా పాత్ర అందులో లేదు. ఇటలీ అబ్బాయి మీద జోకులకి లేవని గొడవ కొరియా అబ్బాయి దగ్గర ఎందుకు లేచింది? జపాన్ 1910 నుంచి 1945 దాకా కొరియాని ఏలింది. ఏలినవాడి చేతిలో కుంచె ఉన్నప్పుడు, ఏలబడ్డవాడు ఆ బొమ్మని ఊరికే బొమ్మగా చూడలేడు. అదే యానిమేషన్ చూసి చరిత్ర పుస్తకాలు పట్టుకున్న పిల్లలు వేరే దేశాల్లో ఎంతోమంది ఉన్నారు, అదీ నిజమే.

ఇప్పుడు మీ బావగారి దగ్గరికి వద్దాం. ఆయన అడిగిన ప్రశ్న మంచిది, అడిగిన సినిమా మాత్రం అది కాదు. “రేపు మన మీద తీస్తే” అన్నారు గానీ, మన మీద ఎప్పుడో తీశారు. ‘ది సింప్సన్స్’ అనే అమెరికన్ కార్టూన్‌లో కిరాణా కొట్టు నడిపే అపూ 1990 నుంచీ ఉన్నాడు. ఆ పాత్రకి గొంతిచ్చింది హాంక్ అజారియా అనే తెల్ల నటుడు. అమెరికా టీవీలో ఇండియావాళ్లే దాదాపు కనబడని రోజులవి. బళ్లో మన పిల్లలు కనిపిస్తే చాలు, తోటి పిల్లలు ఆ యాసతో పలకరించేవాళ్లు. ఆ పిల్లల్లో ఒకడు న్యూయార్క్‌లో తెలుగువాళ్ల ఇంట పుట్టిన హరి కొండబోలు. పెద్దయి కమెడియన్ అయ్యాక, 2017లో అపూ పాత్ర మీద ఒక డాక్యుమెంటరీయే తీశాడు. మొదట్లో చాలామంది అతన్నే తప్పుపట్టారు, జోకుని జోకుగా తీసుకోలేవా అని. 2020 జనవరిలో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనని ప్రకటించాడు.

మీ బావగారు ఆ దేశం వచ్చిన కొత్తలో ఆయన యాస మీద ఎవరు నవ్వారో, ఆఫీసులో ఏ మాట ఎన్నిసార్లు తిరిగి చెప్పించారో మీకు తెలుసా? ఆ రోజు తెర మీద ఇంగ్లిష్ వాళ్లని ఆటపట్టిస్తుంటే ఆయనకి కోపం వచ్చింది వాళ్ల తరఫున కాదని నా అనుమానం. పక్కన కూర్చున్న ఇంగ్లిష్ దంపతులు తమ మీద జోకుకి హాయిగా నవ్వగలగడం చూసి, తాను ఎన్నడూ అలా నవ్వలేకపోయానని గుర్తొచ్చి ఉండొచ్చు. ఆ నవ్వడానికి కావలసిన నిబ్బరం, దేశం తమదైనవాళ్లకి పుట్టుకతో వస్తుంది. వలస వచ్చినవాడు దాన్ని కూడబెట్టుకోవాలి. అందుకని మీరు ఆయనకి ఫోన్ చేసి సినిమా మంచిదేనని వాదించకండి. భోజనానికి పిలవండి. “ఆ రోజు మీరు అన్నదానిలో నాకు అర్థం కానిది ఏదో ఉంది బావగారూ, చెప్పండి” అని అడగండి. అందరి ముందూ అన్న మాట కాబట్టి మీకూ నొచ్చుకోలు ఉంటుంది, అదీ చెప్పొచ్చు. కాకపోతే రెండోసారి కలిసినప్పుడు చెప్పండి, మొదటిసారి వినడానికే ఉంచండి.

ఆస్టెరిక్స్ ఇండియాకి వచ్చిన పుస్తకం ఒకటుంది, అది ఆయనకి ఇచ్చి చూడండి. 1987లో వచ్చిన ‘ఆస్టెరిక్స్ అండ్ ది మ్యాజిక్ కార్పెట్’. అప్పటికి గోసిన్నీ చనిపోయి పదేళ్లయింది, ఉడెర్జో ఒక్కడే రాసి గీశాడు. గంగ ఒడ్డున ఒక రాజ్యంలో వానల్లేక కరువు వస్తే, ఒక ఫకీరు ఎగిరే తివాచీ మీద గాల్ దేశం వస్తాడు. అక్కడి గాయకుడు పాడితే వాన పడుతుంది కదా, అతన్ని తీసుకుపోవడానికి. ఏనుగులు, పులులు, ఫకీర్లు, రాకుమార్తె, అన్నీ ఉన్నాయి. తిట్టు ఒక్కటీ లేదు. కానీ బ్రిటన్ పుస్తకంలో పచ్చికా, పుదీనా సాసూ ఎంత దగ్గరగా చూసి గీశారో, ఇందులో మన తిండీ మన మాటా మన గొడవలూ అంత దగ్గరగా లేవు. ఎగిరే తివాచీ అరేబియా కథల్లోంచి వచ్చింది. చదువుతుంటే కోపం రాదు, అలాగని ‘అరె, మా మేనత్త అచ్చం ఇంతే’ అన్న నవ్వు కూడా రాదు. ఆయనా, మీ బాబూ కలిసి చదివి, ఇదే కథ కృష్ణా ఒడ్డున జరిగితే ఏ అలవాట్ల మీద జోకు వేయాలో మాట్లాడుకుంటే నాకు చాలా సంతోషం. పెళ్లి పిలుపులో ‘తప్పకుండా రావాలి’ అంటూ పదిసార్లు చెప్పడం, గుమ్మం దాకా వచ్చి బయల్దేరుతున్నామని ఇంకో గంట నిలబడి మాట్లాడటం... ఆయన దగ్గర నాకన్నా మంచివి ఉంటాయి.

మనలో మనం చేసిన పని కూడా పిల్లలకి దాచకండి. దశాబ్దాల పాటు మన సినిమాల్లో హీరో కోస్తా తెలుగు మాట్లాడితే, తెలంగాణ యాస రౌడీకో నవ్వించే పాత్రకో పెట్టారు, శ్రీకాకుళం యాస ఇంట్లో పనివాడికి పెట్టారు. ఆ హాళ్లలో కూర్చుని నవ్వలేకపోయినవాళ్ల బాధ తెలంగాణ ఉద్యమంలో గట్టిగానే వినబడింది. ఇప్పుడు ఆ యాసల్లో హీరోలూ హీరోయిన్లూ మాట్లాడుతున్నారు, ప్రేమిస్తున్నారు, గెలుస్తున్నారు. యాస అదే, దానికి ఒక మనసూ ఒక కథా ఇచ్చారు. మీ బాబు అనుకరణ మొత్తం మాన్పించాలని చూడకండి, వాడికి చెవి బాగుంది, అది వరం. ఎవరి ముందు, ఎవరిని అనే గీత మాత్రం వాడికి తెలియాలి. పక్కింటాయన్ని ఆయన ముందే అనుకరిస్తే ఆయన తిరిగి వీడి తెలుగు యాసని అనుకరిస్తాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. బళ్లో కొత్తగా వచ్చిన శరణార్థి పిల్లవాడిని అనుకరిస్తే ఆ పిల్లవాడు మర్నాటి నుంచి నోరు తెరవడు.

మీ ఫ్రెంచ్ అతిథి అన్నది కూడా నిజమే, త్వరగా చెప్పేస్తాను. పుస్తకంలో బ్రిటిష్ వాళ్లు ఫ్రెంచ్ మాటల్నే ఇంగ్లిష్ వరుసలో పేర్చి మాట్లాడతారు, ఆ నవ్వు సగం అక్కడే ఉంది. సినిమా కొట్లాటల మీదికీ పరుగుల మీదికీ మొగ్గింది. రగ్బీ మ్యాచ్ మాత్రం తెర మీద కదులుతుంటేనే బాగుంటుందని నా అభిప్రాయం.

బాబుకి ఇంకా ఆసక్తి ఉంటే మూడు పుస్తకాలు ఈ వరుసలో ఇవ్వండి. మొదటిది గోత్‌ల మీద, అంటే జర్మన్ల మీద, 1963లో వచ్చింది. అందులో గోత్‌లంతా మొన తేలిన శిరస్త్రాణాలు పెట్టుకున్న యుద్ధపిపాసులు, ఒక్క మంచి ముఖం లేదు. గోసిన్నీ యూదుల ఇంట పుట్టాడు. కుటుంబం బ్యూనస్ ఐరెస్‌లో ఉండబట్టి అతను బతికాడు, యూరప్‌లో మిగిలిపోయిన తల్లి తరఫు బంధువులు కొందరు నాజీల చేతుల్లో చనిపోయారు. యుద్ధం అయిపోయి అప్పటికి 18 ఏళ్లే. ఆ పుస్తకంలో ప్రేమ లేదంటే నేను అతన్ని నిందించలేను. రెండోది 1966 నాటి ఈ బ్రిటన్ పుస్తకం. మూడోది 1967లో వచ్చిన ‘ఆస్టెరిక్స్ ది లీజనరీ’. అందులో రోమన్ సైన్యంలో చేరిన రకరకాల దేశాల కుర్రాళ్లలో ఒక గోత్ కూడా ఉంటాడు, ఆస్టెరిక్స్ పక్కనే నడుస్తాడు, స్నేహంగానే ఉంటాడు. మీరేమీ ముందుగా చెప్పకుండా, మొదటి పుస్తకంలోని గోత్‌కీ ఈ గోత్‌కీ తేడా ఏమిటో వాణ్ణే వెతకమనండి. వాడేం చెప్పాడో నాకు రాస్తే తప్పకుండా చదువుతాను.